సైకియాట్రిస్టుల సంఘంలో సభ్యత్వం ఉంటే పేషెంటుకు ఒరిగేదేంటి?

తుమ్మెద
అందరికీ నమస్కారం. ఈ వేదికను చాలాకాలంగా చదువుతున్నాను, రాయడం ఇదే మొదలు.

మా తమ్ముడికి డిప్రెషన్ అని చెప్పి ఏడాదికి పైగా మందులు వాడించారు. కొంత తేరుకున్నాడు అనుకునేలోపు మనిషి పూర్తిగా మారిపోయాడు. రాత్రుళ్ళు నిద్రే లేదు, అయినా అలసట లేదు. ఒక మాట పూర్తికాకుండానే ఇంకో మాట. ఎవరెవరికో అప్పులిస్తానని ఫోన్లు. వేరే డాక్టరు గారికి చూపిస్తే ఇది బైపోలార్ (కుంగుబాటు, అతి హుషారు మార్చిమార్చి వచ్చే జబ్బు) అన్నారు, మందులన్నీ మార్చారు. ఇప్పుడు లిథియం అనే మందు మీద ఉన్నాడు.

మొదటి డాక్టరు గది గోడ నిండా సంఘాల సర్టిఫికెట్లే. ఫలానా సంఘంలో జీవితకాల సభ్యుడు, ఫలానా అంతర్జాతీయ సంస్థలో ఫెలో. అవి చూసే ధైర్యంగా వెళ్ళాం. ఇంతకీ ఈ సంఘాలు చేసే పనేంటి? సభ్యుడు సరిగ్గా వైద్యం చేస్తున్నాడా లేదా అని ఎవరైనా చూస్తారా? అక్కడ ఫిర్యాదు చేస్తే వింటారా?

రెండోషిఫ్ట్
తమ్ముడు ఇప్పుడెలా ఉన్నాడు? ముందు అది చెప్పండి. నిద్ర పడుతోందా?

తుమ్మెద
పడుతోందండీ. మాట నెమ్మదించింది. చేతులు కొంచెం వణుకుతున్నాయి, దాహం ఎక్కువగా ఉంది.

వార్డుడ్యూటీ
నేను సైకియాట్రిస్టునే. మీ తమ్ముడి కేసు మీద ఇక్కడ తీర్పు చెప్పను, చెప్పకూడదు కూడా. మామూలుగా జరిగేది చెబుతాను.

బైపోలార్ చాలామందిలో డిప్రెషన్‌తోనే మొదలవుతుంది. మేనియా, అంటే ఆ అతి హుషారు దశ, ఇంకా రాకముందు ఎంత గొప్ప డాక్టరైనా చూసేది డిప్రెషన్‌నే. కాబట్టి పేరు మారినంత మాత్రాన మొదటాయన తప్పు చేశాడని అనలేం. కానీ మొదటిరోజే అడగాల్సిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. ఇదివరకెప్పుడైనా నిద్ర తగ్గినా హుషారు తగ్గకుండా కొన్ని రోజులు గడిచాయా? ఆ రోజుల్లో డబ్బు విచ్చలవిడిగా ఖర్చయిందా? రక్తసంబంధీకుల్లో ఎవరికైనా ఈ జబ్బు ఉందా? ఇవి ఇంట్లోవాళ్ళను కూడా అడగాలి, ఎందుకంటే హుషారుగా ఉన్న రోజుల్ని పేషెంటు జబ్బు లెక్కలో వేసుకోడు. బైపోలార్ ఉన్నవాళ్ళకు మూడ్ స్టెబిలైజర్ (మూడ్‌ను నిలకడగా ఉంచే లిథియం లాంటి మందు) లేకుండా యాంటీడిప్రెసెంట్ ఒక్కటే ఇస్తే కొందరు మేనియాలోకి జారే ప్రమాదం ఉంది. అందుకే ఆ ప్రశ్నలు.

వణుకు, దాహం లిథియంతో వచ్చేవే. కానీ మీ డాక్టరు గారికి తప్పకుండా చెప్పండి. వణుకు ఒక్కసారిగా ఎక్కువైనా, నడక తూలినా, మాట ముద్దగా వచ్చినా, వాంతులు విరేచనాలు పట్టుకున్నా అదేరోజు వెళ్ళండి, అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు.

తుమ్మెద
ఆ ప్రశ్నలు అడగలేదండీ. నేను పక్కనే కూర్చున్నాను. నిద్ర, ఆకలి, చనిపోవాలనే ఆలోచన ఉందా అని అడిగారు, రాసిచ్చారు. అంతే.

అడ్డప్రశ్న
అయిపోయింది కదా మీ జవాబు. గోడ నిండా సర్టిఫికెట్లు, నోట్లో మూడు ప్రశ్నలు.

సంఘాలంటే ఏంటో నేను చెబుతా. ఏడాదికోసారి పెద్ద హోటల్లో సమావేశం, మందుల కంపెనీల స్టాళ్ళు, మెడలో కార్డులు, ఫొటోలు. చందా కట్టినవాడు సభ్యుడు. మిగతాదంతా కబుర్లు.

పాతకాగితం
అడ్డప్రశ్న గారు ఊరికే కొట్టిపారేస్తారు గానీ చరిత్ర ఇంతకంటే చిక్కుగా ఉంటుంది.

ఈ సంఘాలు పుట్టిందే పిచ్చాసుపత్రుల సూపరింటెండెంట్ల కోసం. బ్రిటన్‌లో 1841లో పిచ్చాసుపత్రుల వైద్యాధికారులు ఒక సంఘం పెట్టుకున్నారు. అదే పేర్లు మారుతూ 1971లో రాయల్ కాలేజ్ ఆఫ్ సైకియాట్రిస్ట్స్ అయింది. అమెరికాలో 1844లో ఫిలడెల్ఫియాలో 13 మంది సూపరింటెండెంట్లు కూడి ఇంకోటి పెట్టారు. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ అనే పేరు దానికి 1921లో వచ్చింది. మొదట్లో వాళ్ళ చర్చలు ఆసుపత్రి భవనం ఎలా కట్టాలి, ఎంతమందిని ఉంచొచ్చు, గొలుసులు అవసరమా, ఇలాంటివే. పేషెంటు ఆ గదిలో లేడు. వాళ్ళ గురించి మాట్లాడుకోవడానికి అధికారులు కూర్చున్న గది అది.

ఇప్పటికీ వీటి లోపాలు చాలావరకు అక్కడినుంచి వచ్చినవే అనిపిస్తుంది నాకు. కానీ ఆ గదిలోంచే జబ్బుల వర్గీకరణ, పరిశోధన పత్రికలు, శిక్షణ, చికిత్స మార్గదర్శకాలు కూడా వచ్చాయి. రెండూ నిజమే.

వార్డుడ్యూటీ
తుమ్మెద గారి అసలు ప్రశ్నకు వస్తాను. చాలామంది మూడు వేరువేరు సంస్థలను కలిపేస్తారు.

డాక్టరుగా పనిచేసే అనుమతి ఇచ్చేది, తప్పుచేస్తే దాన్ని తీసేసేది చట్టం పెట్టిన మెడికల్ కౌన్సిల్. చాలా దేశాల్లో పద్ధతి ఇదే. స్పెషలిస్టు పరీక్ష పెట్టి డిగ్రీ ఇచ్చేది విశ్వవిద్యాలయమో, బోర్డో, కొన్నిచోట్ల కాలేజో. బ్రిటన్‌లో రాయల్ కాలేజే ఆ పరీక్ష పెడుతుంది. ఇక వృత్తి సంఘం అంటే ఆ డిగ్రీ ఉన్నవాళ్ళు స్వచ్ఛందంగా చేరేది. చేరకపోయినా వైద్యం చేసుకోవచ్చు. రెండో డాక్టరు గారి గోడ మీద ఏమీ లేదంటే ఆయన తక్కువవాడని కాదు.

సభ్యుడు రోజూ గదిలో ఏం చేస్తున్నాడో సంఘం చూడదు. చూసే ఏర్పాటే లేదు. పెద్ద సంఘాలకు నైతిక నియమావళి ఉంటుంది, దాన్ని మీరితే హెచ్చరించడం, సభ్యత్వం తీసేయడం దాకా వెళ్తారు. అంతకుమించి చేతుల్లో ఏమీ లేదు. ఫిర్యాదుకు బలం ఉండేది కౌన్సిల్ దగ్గరే.

తుమ్మెద
అంటే ఆ ఫ్రేములకు విలువ లేదన్నమాట.

వార్డుడ్యూటీ
ఫ్రేముకు లేదు. సంఘం రాసే కాగితాలకు ఉంది. చికిత్స మార్గదర్శకాలు చాలావరకు ఉచితంగా చదవొచ్చు, కొన్ని సంఘాలు పేషెంట్ల కోసం తేలికగా రాసిన పత్రాలు కూడా పెడతాయి. రాయల్ కాలేజ్ పెట్టే పత్రాలు అలాంటివే. లిథియం మొదలుపెట్టేముందు కిడ్నీ, థైరాయిడ్ పరీక్షలు చేయాలని, ఆ తర్వాత కూడా అప్పుడప్పుడు చేస్తుండాలని, రక్తంలో మందు మోతాదు చూడాలని అందులో ఉంటుంది. అవి చేయించారా అని అడిగే హక్కు మీకు ఉంది. అడిగితే కోపం తెచ్చుకునే డాక్టరు ఉంటే అది ఆయన సమస్య.

నిమ్మళం
లిథియం వాడుతున్నవాడిగా ఒక మాట. రక్తపరీక్ష రోజు ఉదయం మాత్ర వేసుకుని వెళ్ళకూడదు. రాత్రి వేసుకున్నాక దాదాపు 12 గంటలకు రక్తం ఇవ్వాలి, ఇచ్చాకే ఉదయం మాత్ర. నాకిది ల్యాబ్ వాళ్ళూ చెప్పలేదు, డాక్టరూ చెప్పలేదు. మాత్ర మింగి వెళ్ళాను. రిపోర్టులో అంకె ఎక్కువొచ్చింది, అనవసరంగా మోతాదు తగ్గించారు. మళ్ళీ మూడ్ కదిలిపోయింది. అంకె పక్కన "ఏ టైముకు మాత్ర వేసుకున్నారు" అని ఒక గడి పెట్టి ఉంటే సరిపోయేది.

ఇంకోటి. ఒళ్ళునొప్పులకు ఇబుప్రోఫెన్ లాంటివి డాక్టరును అడగకుండా వేయకండి, రక్తంలో లిథియం పెరుగుతుంది. ఎండలో బాగా చెమటపట్టి నీళ్ళు తాగకపోయినా అంతే. ఉప్పు ఒక్కసారిగా మానేయడం కూడా వద్దు.

తుమ్మెద
ఇదేదీ మాకు చెప్పలేదు నిమ్మళం గారూ. రాసిపెట్టుకున్నాను. చాలా థాంక్స్.

అడ్డప్రశ్న
ఉచితంగా చదవొచ్చు అంటున్నారు డాక్టరు గారు, సరే. ఆ కాగితాలు రాసేదెవరో కూడా చెప్పండి.

అమెరికన్ సంఘం వేసే డీఎస్ఎం పుస్తకం తీసుకోండి. ఎవరికి జబ్బు ఉంది, ఎవరికి లేదు అని తేల్చే పుస్తకం. 2006లో లీసా కాస్‌గ్రోవ్ బృందం లెక్కతీసింది. డీఎస్ఎం-4 కమిటీల్లో ఉన్న 170 మందిలో 95 మందికి మందుల కంపెనీలతో డబ్బు సంబంధాలున్నాయి. మూడ్ జబ్బుల కమిటీలో, స్కిజోఫ్రీనియా (భ్రమలు, భ్రాంతులు కలిగే జబ్బు) కమిటీలో అయితే ఒక్కరు కూడా మినహాయింపు కాదు. మందులు ప్రధాన చికిత్సగా ఉన్న జబ్బులు సరిగ్గా అవే. పైగా ఆ పుస్తకం అమ్మితే వచ్చే డబ్బు సంఘానికే.

గదిలోకుర్చీ
నేను క్లినికల్ సైకాలజిస్టుని, మందులతో కాక మాటలతో చికిత్స చేసే వృత్తి మాది. ఆ లెక్క నిజమే. కానీ సంబంధం ఉండటం వేరు, దానివల్లే నిర్ణయం మారిందని తేలడం వేరు. ఆ అధ్యయనం చూపింది మొదటిది. అది కూడా చిన్న విషయం కాదు.

దుఃఖం సంగతి చూడండి. డీఎస్ఎం-4లో ఒక మినహాయింపు ఉండేది. దగ్గరివాళ్ళు పోయిన మొదటి రెండు నెలల్లో కనిపించే డిప్రెషన్ లక్షణాలను మామూలుగా జబ్బుగా లెక్కించొద్దు అని. 2013లో డీఎస్ఎం-5 దాన్ని తీసేసింది. డీఎస్ఎం-4కి సారథ్యం వహించిన అలెన్ ఫ్రాన్సెస్ గారే దీన్ని బహిరంగంగా వ్యతిరేకించారు, మామూలు దుఃఖానికి మందు రాసేస్తారని. అవతలి వాదం కూడా ఉంది: ఉద్యోగం పోయి కుంగిపోయినవాడికి ఆ మినహాయింపు లేదు, మనిషి పోయినవాడికి మాత్రమే ఎందుకు, చావు తర్వాత నిజంగా జబ్బు పడి ఆత్మహత్య దాకా వెళ్ళేవాళ్ళను వదిలేయాలా అని. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో రెండు రకాలవాళ్ళూ ఉన్నారు. నేనైతే ఫ్రాన్సెస్ గారి వైపే మొగ్గుతాను, కానీ అవతలివాళ్ళను అమ్ముడుపోయినవాళ్ళని అనలేను.

అడ్డప్రశ్న
మర్యాదగా చెప్పారు. నేనింకా మొరటుగానే ఉంటా.

పాతకాగితం
మొరటుగా ఉండటానికి ఇంకా మంచి సరుకు ఉంది మన దగ్గర.

సోవియట్ యూనియన్‌లో ప్రభుత్వాన్ని విమర్శించినవాళ్ళకు "మందకొడి స్కిజోఫ్రీనియా" అని పేరు పెట్టి ఆసుపత్రుల్లో బంధించారు. ఆ జబ్బు భావనను పెంచి పోషించింది స్నెజ్‌నెవ్‌స్కీ, మాస్కోలో సైకియాట్రీకి పెద్దదిక్కు. భ్రమలు, భ్రాంతులు కనిపించనక్కర్లేదు. "సంస్కరణ పిచ్చి", "సత్యం కోసం అతి పోరాటం" లాంటివి చాలు.

1971లో ప్రభుత్వాన్ని ఎదిరించిన వ్లదీమిర్ బుకోవ్‌స్కీ ఇలా బంధించినవాళ్ళ గురించి దాదాపు 150 పేజీల రికార్డులు పడమటి దేశాల సైకియాట్రిస్టులకు చేరేలా చేశాడు. ప్రపంచ సైకియాట్రిక్ సంఘం ఆ ఏడాది మెక్సికోలో సమావేశమైంది. ఆ కాగితాల మీద ఏ చర్యా తీసుకోలేదు. తమలో సభ్యురాలైన సోవియట్ సంఘాన్ని ఇబ్బంది పెట్టడం ఇష్టంలేదు మరి. బుకోవ్‌స్కీ జైలుకు వెళ్ళాడు.

అదే ఏడాది కీవ్‌లో సెమ్యోన్ గ్లూజ్‌మన్ అనే కుర్ర సైకియాట్రిస్టు, ప్రభుత్వాన్ని విమర్శించినందుకు ఆసుపత్రిలో బంధించిన జనరల్ గ్రిగరెంకో కేసు తీసుకుని, దొరికిన కాగితాల ఆధారంగా ఒక నివేదిక రాశాడు. గ్రిగరెంకోకు మానసిక జబ్బు లేదని. పేరు దాచి రాసినా దొరికిపోయాడు. 1972లో 7 ఏళ్ళ శ్రమశిబిరం, ఆపైన 3 ఏళ్ళ ప్రవాసం శిక్ష పడింది. గ్రిగరెంకో తర్వాత అమెరికా వెళ్ళినప్పుడు, 1979లో అక్కడి సైకియాట్రిస్టులు ఆయన్ని పరీక్షించి, జబ్బు ఆనవాళ్ళేవీ లేవన్నారు.

ప్రపంచ సంఘం 1977లో హొనొలులు సమావేశంలో గానీ సోవియట్ దుర్వినియోగాన్ని ఖండించలేదు. హవాయి ప్రకటన అనే నైతిక నియమావళి కూడా అప్పుడే వచ్చింది. 1983లో బయటికి గెంటుతారని తెలిసి సోవియట్ సంఘం తనే తప్పుకుంది. 1989లో ఏథెన్స్‌లో షరతులతో మళ్ళీ చేర్చుకున్నారు.

అంటే శిబిరంలో ఉన్న ఒక డాక్టరు ముందే చెప్పిన మాట ఒప్పుకోవడానికి సంఘానికి ఆరేళ్ళు పట్టింది.

రెండోషిఫ్ట్
గ్లూజ్‌మన్ తర్వాత ఏమయ్యాడు?

పాతకాగితం
శిక్ష పూర్తిచేసి వచ్చాడు. 1991లో ఉక్రెయిన్ సైకియాట్రిక్ అసోసియేషన్ పెట్టాడు.

అడ్డప్రశ్న
సంఘం పెట్టాడా! ఇదేం మలుపు.

పాతకాగితం
అదే నేను చెప్పదలచుకున్నది కూడా. సంఘం ఎంత ఘోరంగా ఉండగలదో అతనికంటే తెలిసినవాడు లేడు. అయినా ఒంటరి డాక్టరును ప్రభుత్వం తేలిగ్గా వంచేస్తుందని కూడా అతనికే తెలుసు.

వార్డుడ్యూటీ
ఈ విషయంలో మా వృత్తి తలదించుకోవాల్సినవి ఇంకా ఉన్నాయి. నాజీల కాలంలో జర్మనీలో సైకియాట్రిస్టులు పేషెంట్లకు బలవంతపు కుటుంబనియంత్రణ ఆపరేషన్లకు, ఆ తర్వాత హత్యలకు జాబితాలు తయారుచేశారు. జర్మన్ సైకియాట్రీ సంఘం అధ్యక్షుడు ఫ్రాంక్ ష్నైడర్ బాధితులకు, కుటుంబాలకు బహిరంగంగా క్షమాపణ చెప్పింది 2010లో. ఎన్ని దశాబ్దాలు!

కానీ మంచికి మారిన ఉదాహరణ కూడా చెప్పకపోతే అన్యాయం. స్వలింగ ఆకర్షణ 1952 నాటి మొదటి డీఎస్ఎం నుంచీ జబ్బుల జాబితాలో ఉండేది. 1970 నుంచి ఉద్యమకారులు సంఘం సమావేశాల్లోకి వచ్చి గొడవచేశారు. 1972లో డాలస్ సమావేశంలో జాన్ ఫ్రయర్ అనే సైకియాట్రిస్టు ముఖానికి మాస్కు, తలకు విగ్గు పెట్టుకుని, మైకులో గొంతు మార్చి, "డాక్టర్ హెచ్. అనానిమస్" అనే పేరుతో వేదికెక్కాడు. తను స్వలింగ సంపర్కుణ్ణని, సైకియాట్రిస్టునని చెప్పాడు. సొంత వృత్తివాళ్ళ ముందు ముఖం దాచుకోవాల్సి వచ్చిందంటే ఆలోచించండి.

1973 డిసెంబరులో సంఘం పాలకమండలి ఆ జబ్బును జాబితాలోంచి తీసేసింది. వ్యతిరేకులు పట్టుబట్టి 1974లో సభ్యులందరితో ఓటింగ్ పెట్టించారు. 58 శాతం మంది మండలి నిర్ణయానికే మద్దతిచ్చారు.

అడ్డప్రశ్న
జబ్బా కాదా అని ఓట్లేసి తేల్చారా? క్షయ మీద కూడా ఓటింగ్ పెడతారా?

వార్డుడ్యూటీ
మంచి పోటే. మా వృత్తిలో ఈ ప్రశ్నకు ఇప్పటికీ ఇబ్బందిపడతాం. క్షయకు క్రిమి కనిపిస్తుంది. డిప్రెషన్‌కు, స్కిజోఫ్రీనియాకు, బైపోలార్‌కు అలాంటి రక్తపరీక్ష గానీ స్కాన్ గానీ నేటికీ లేదు. రక్తం తీసేది థైరాయిడ్, బి12 లోపం లాంటివి కాదని చూసుకోవడానికి. అందుకే ఫలానా లక్షణాలు ఇన్ని, ఇన్నాళ్ళు ఉంటే ఈ పేరు అని నిపుణులు కూర్చుని ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే ఒక్కో డాక్టరు ఒక్కో పేరు పెడతాడు. 1980లో డీఎస్ఎం-3 వచ్చేదాకా అదే జరిగింది. ఒకే పేషెంటు వీడియో చూపిస్తే న్యూయార్క్ డాక్టర్లు స్కిజోఫ్రీనియా అనేవారు, లండన్ డాక్టర్లు అనేవారు కాదు.

ఓటింగ్ సిగ్గుచేటే. కానీ ఓటింగ్‌కు ముందు వాదన, సాక్ష్యం ఉన్నాయి. ఆసుపత్రికి రాని మామూలు స్వలింగ సంపర్కుల్ని పరీక్షిస్తే మానసికంగా మిగతావాళ్ళకంటే ఏ తేడా లేదని ఎవలిన్ హుకర్ 1950లలోనే చూపింది. ఆమె సైకాలజిస్టు, మా సంఘం మనిషి కాదు.

గదిలోకుర్చీ
మావాళ్ళ పేరు వచ్చింది కాబట్టి మా గొప్ప కూడా, మా సిగ్గు కూడా చెబుతా. అమెరికా సైనిక జైలు గ్వాంటనామో లాంటి చోట్ల ఖైదీల విచారణలో డాక్టర్లు పాల్గొనొచ్చా అన్న ప్రశ్న వచ్చింది. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2006లో సైకియాట్రిస్టులు నేరుగా పాల్గొనకూడదని తేల్చి చెప్పింది. మా సైకాలజిస్టుల సంఘం మాత్రం వెసులుబాటు వదిలింది. సంఘం పెద్దలు కొందరు రక్షణశాఖ అధికారులతో కూడబలుక్కుని నియమాలను వదులుగా ఉంచారని 2015లో స్వతంత్ర విచారణ నివేదిక బయటపెట్టింది.

ఇక రెండు సంఘాల మధ్య ఇంకో తగాదా ఉంది. అదనపు శిక్షణ పొందిన సైకాలజిస్టులు మందులు రాయొచ్చని న్యూమెక్సికో 2002లో, లూసియానా 2004లో చట్టం చేశాయి. సైకియాట్రిస్టుల సంఘం మొదటినుంచీ వ్యతిరేకం, పేషెంటు భద్రత కారణం చూపిస్తూ. భద్రత నిజమైన ఆందోళనే, పైన లిథియం సంగతి చూశారుగా. అయినా డాక్టరు దొరకని చోట పేషెంటు ఏం చేయాలి అన్నదానికి ఆ వ్యతిరేకతలో జవాబు లేదు.

అడ్డప్రశ్న
మా దుకాణం పక్కన ఇంకో దుకాణం వద్దు. అంతే కదా.

వార్డుడ్యూటీ
అందులో కొంత నిజం ఉంది, కాదనను. కానీ గుండె లయ, గర్భం, కాలేయం, వేరే జబ్బుల మందులు, ఇవన్నీ చూసుకుని మాత్ర రాయడం ఒక చిన్న కోర్సుతో వస్తుందని నేను నమ్మను. మందు ఎలా రాయాలో తెలియడంకంటే ఎప్పుడు రాయకూడదో తెలియడం కష్టం.

డాక్టరు దొరకని చోటు అన్నారు కాబట్టి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మానసిక ఆరోగ్య అట్లాస్ అనే నివేదిక ప్రకారం లక్షమందికి సగటున మానసిక ఆరోగ్య సిబ్బంది అందరూ కలిపి 13 మంది. పేద దేశాల్లో ఇద్దరు కూడా లేరు. 2019 నాటికి ప్రపంచంలో ప్రతి 8 మందిలో ఒకరికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని అదే సంస్థ అంచనా. సైకియాట్రిస్టు అందర్నీ తనే చూస్తానంటే కుదిరే పని కాదు.

జింబాబ్వేలో డిక్సన్ చిబాండా అనే సైకియాట్రిస్టు చేసిన పని చూడండి. ఆరోగ్య కేంద్రం బయట చెక్క బెంచీ వేసి, స్థానికంగా ఉన్న పెద్దవయసు ఆడవాళ్ళకు సమస్యను ముక్కలుచేసి దారి వెతికే పద్ధతిలో శిక్షణ ఇచ్చాడు. తీవ్రంగా ఉన్నవాళ్ళను పైకి పంపిస్తారు. 2016లో వచ్చిన ట్రయల్‌లో ఆ బెంచీ దగ్గర సాయం పొందినవాళ్ళలో ఆర్నెల్ల తర్వాత లక్షణాలు మామూలు సేవలు అందినవాళ్ళకంటే బాగా తగ్గాయి. సైకియాట్రిస్టు అక్కడ పేషెంటు ముందు కూర్చోలేదు. పద్ధతి తయారుచేశాడు, శిక్షణ ఇచ్చాడు, కష్టమైన కేసుల్ని అందుకునే ఏర్పాటు చేశాడు. నా దృష్టిలో సంఘాలు తమ సభ్యులకు నేర్పాల్సిన పని ఇది. ఏడాది సమావేశాల్లో కొత్త మాత్ర మీద హాలు నిండుతుంది. ఇలాంటి వాటి మీద సగం కుర్చీలు ఖాళీ. నేను చూశాను కాబట్టి చెబుతున్నాను.

నిర్వాహకులు
చర్చ బాగుంది, కొనసాగించండి. ఒక ప్రముఖుడికి ఫలానా జబ్బు ఉందంటూ వచ్చిన వ్యాఖ్య తీసేశాం. పరీక్షించని మనిషికి జబ్బు పేరు పెట్టడం ఈ వేదికలో కుదరదు.

పాతకాగితం
నిర్వాహకులు తెలిసి అన్నారో తెలియక అన్నారో గానీ, అది అచ్చంగా గోల్డ్‌వాటర్ నియమం. 1964లో ఒక పత్రిక అమెరికా అధ్యక్ష పదవికి పోటీచేస్తున్న బారీ గోల్డ్‌వాటర్ మానసికంగా ఆ పదవికి తగినవాడేనా అని 12,356 మంది సైకియాట్రిస్టులకు ఉత్తరాలు రాసింది. 2,417 మంది జవాబిచ్చారు. 1,189 మంది తగడన్నారు. వాళ్ళలో ఎవరూ ఆయన్ని పరీక్షించి చెప్పినవాళ్ళు కాదు. ఆయన పత్రిక మీద దావావేసి గెలిచాడు. 1973లో సంఘం నియమం పెట్టింది, స్వయంగా పరీక్షించకుండా, అనుమతి లేకుండా ఎవరి గురించీ వృత్తిపరమైన అభిప్రాయం చెప్పకూడదని.

టీవీ చర్చల్లో కూర్చునేవాళ్ళకు ఇది ఎవరైనా ప్రింటు తీసి ఇస్తే బాగుండు.

రెండోషిఫ్ట్
నేను సైకియాట్రీ వార్డులో నర్సుని. ఇంతసేపూ పుస్తకాలు, ఓట్లు, సమావేశాలు. నాకు సంఘం మాట తగిలింది ఒక్కచోటే, కట్టేయడం దగ్గర.

పేషెంటు గోల చేస్తే మంచానికి కట్టేయడం మా వార్డులో మామూలు. రాత్రి డ్యూటీలో ఇద్దరమే ఉంటే అదే తేలిక. 2020లో ప్రపంచ సైకియాట్రిక్ సంఘం బలవంతానికి ప్రత్యామ్నాయాలు అమలుచేయాలని ప్రకటన ఇచ్చింది. మా డాక్టరమ్మ దాన్ని తీసుకొచ్చి గోడకు అంటించింది. గోడకు అంటిస్తే ఏమవుతుందని నవ్వుకున్నాం. తర్వాత ఆమె ఒక రిజిస్టరు పెట్టింది. ఎవర్ని కట్టారు, ఎందుకు, ఎన్నింటికి కట్టారు, ఎన్నింటికి విప్పారు, ముందు ఏం ప్రయత్నించారు, ఎవరు సంతకం. "ముందు ఏం ప్రయత్నించారు" గడి ఖాళీగా ఉంటే ఉదయం రౌండులో అందరి ముందూ అడుగుతుంది. ఆ గడి నింపడానికైనా పక్కన కూర్చుని మాట్లాడాల్సి వచ్చేది. నీళ్ళిచ్చేవాళ్ళం, టీవీ సౌండ్ తగ్గించేవాళ్ళం, ఇంట్లోవాళ్ళకు ఫోన్ కలిపేవాళ్ళం. కట్టేయడం బాగా తగ్గింది. ఆమె బదిలీ అయ్యాక రిజిస్టరు ఉంది, అడిగేవాళ్ళు లేరు. గడిలో "మాట్లాడాం" అని ఒకే ముక్క పడుతోంది ఇప్పుడు.

అడ్డప్రశ్న
ఈ థ్రెడ్‌లో నాకు నచ్చిన పోస్టు ఇదే.

నిమ్మళం
నన్ను కూడా ఒకసారి కట్టారు. దాని గురించి ఎక్కువ రాయలేను. విప్పిన తర్వాత ఎవరూ ఎందుకు కట్టారో చెప్పలేదు, అది ఇప్పటికీ గుర్తుంది. ఆ రిజిస్టరులో ఇంకో గడి ఉండాలి, పేషెంటు ఏమన్నాడు అని.

గదిలోకుర్చీ
మంచి మాట చెప్పారు నిమ్మళం గారూ. చాలా మార్గదర్శకాల్లో ఇప్పుడు బలప్రయోగం జరిగాక పేషెంటుతో కూర్చుని మాట్లాడాలని ఉంటుంది. మాట్లాడేటప్పుడు కట్టినవాళ్ళే కాకుండా ఇంకొకరు ఉంటే మంచిది.

తుమ్మెద
నిన్న వెళ్ళొచ్చాం. ఇక్కడ రాసుకున్నవన్నీ ఫోన్లో పెట్టుకుని అడిగాను. డాక్టరు గారు చిన్నబుచ్చుకోలేదు. కిడ్నీ, థైరాయిడ్ పరీక్షలు రాశారు, 12 గంటల లెక్క స్లిప్పు మీదే రాసిచ్చారు. వణుకు చూసి, ముందు రక్తంలో మోతాదు చూశాకే ఏదైనా మారుస్తానన్నారు.

మొదటి డాక్టరు మీద కౌన్సిల్‌కు రాయాలా వద్దా అని ఇంట్లో వాదన నడుస్తోంది. నాన్నగారు వదిలేయమంటున్నారు. తమ్ముణ్ణే అడిగాను. "రికార్డులు తెచ్చుకుందాం, తర్వాత చూద్దాం" అన్నాడు.

వార్డుడ్యూటీ
రికార్డులు అడగడం సరైన పని. ఫిర్యాదు చేసినా చేయకపోయినా పాత మందుల పేర్లు, మోతాదులు, తేదీలు ఇప్పటి డాక్టరు గారికి పనికొస్తాయి. ముఖ్యంగా ఏ యాంటీడిప్రెసెంట్ మొదలుపెట్టాక లేదా పెంచాక ఎన్ని వారాలకు నిద్ర తగ్గిందో చూడండి. ఒక కాగితం మీద అడ్డంగా గీతగీసి కింద మందులు, పైన మూడ్ రాయమనండి తమ్ముణ్ణి.

అడ్డప్రశ్న
డాక్టరు గారూ, చివరగా ఒకటి. మీరూ ఏదో ఒక సంఘంలో సభ్యులే కదా? మార్గదర్శకాలు రాసే కమిటీల్లో పేషెంట్లు ఉంటారా మీ దగ్గర?

వార్డుడ్యూటీ
సభ్యుణ్ణే. బ్రిటన్‌లో నైస్ అనే ప్రభుత్వ సంస్థ మార్గదర్శకాల కమిటీల్లో మామూలు జనాన్ని, జబ్బు అనుభవించినవాళ్ళను కూర్చోబెడతారు, వాళ్ళకు ఓటు కూడా ఉంటుంది. మా సంఘంలో మాత్రం ఆహ్వానితులుగా పిలుస్తారు, టీ ఇస్తారు, చర్చకు ముందే పంపించేస్తారు. కిందటిసారి అభ్యంతరం చెప్పాను. "మంచి సూచన, నోట్ చేసుకున్నాం" అన్నారు.

అడ్డప్రశ్న
మినిట్స్‌లో ఎక్కిందా?

వార్డుడ్యూటీ
ఎక్కలేదు. ఈసారి రాతపూర్వకంగా ఇస్తున్నాను. నిమ్మళం గారూ, మీకు అభ్యంతరం లేకపోతే, పేరు లేకుండా, ఆ ల్యాబ్ స్లిప్పు గడి గురించి మీరు రాసింది అందులో పెట్టొచ్చా?

నిమ్మళం
పెట్టండి. రిజిస్టరు గడి కూడా పెట్టండి.